ప, బ, మ పలకని నెలలు

ముందురోజు రాత్రంతా ఎడమ చెవి వెనక ఒకటే సలుపు. పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు, ఎడమ పక్క మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ఆ కన్ను మూతపడటం లేదు, పెదవి కిందికి జారి ఉంది. అమ్మ ఒక్కసారి చూసి “పక్షవాతం” అంది. ఆ మాట తర్వాత ఆస్పత్రికి వెళ్లేదాకా ఇద్దరం నోరు విప్పలేదు.

క్యాజువాల్టీలో డాక్టరు గారు నా చేతులూ కాళ్లూ చూశాక, “కనుబొమలు పైకెత్తమ్మా” అన్నారు. నుదుటి మీద కుడివైపే ముడతలు పడ్డాయట, ఎడమవైపు నున్నగా ఉండిపోయిందట. “అయితే కొంత నయమే” అన్నారాయన. సగం ముఖం కదలకపోతే నయమేమిటని ఒళ్లు మండింది. తర్వాత విడమరిచి చెప్పారు. నుదుటికి మెదడులోని రెండు పక్కల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే మెదడులో దెబ్బ తగిలి మూతి వంకరపోతే సాధారణంగా నుదురు మాత్రం కదులుతూనే ఉంటుంది. నుదురు కూడా పడిపోయిందంటే తేడా మెదడులో కాదు, ముఖానికి వచ్చే నరంలో ఉండే అవకాశమే ఎక్కువ. నా జబ్బు పేరు బెల్స్ పాల్సీ. 19వ శతాబ్దం మొదట్లో ఈ నరం పనితీరును వివరించిన స్కాట్లాండ్ సర్జన్ చార్లెస్ బెల్ పేరే దానికి పెట్టారు. ఆ నరం, అంటే ఏడో కపాల నాడి, చెవి వెనక ఎముకలోని సన్నటి గొట్టంలోంచి వస్తుంది. అది వాచిందంటే లోపల మసలడానికి చోటుండదు, నలిగిపోతుంది. ఎందుకు వాస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఉంది.

స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. నాకు ఆ రోజే మొదలుపెట్టారు. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే రెండు రోజులు చూద్దాంలే అనుకోకండి. అది పక్షవాతమో కాదో తేల్చాల్సింది ఇంట్లోవాళ్లు కాదు.

అప్పుడు నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. టీచింగ్ ప్రాక్టీస్ దగ్గరపడింది, నాకు ఇచ్చింది ఒకటో తరగతి, తెలుగు. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పేవాళ్ల నోరు ఎంత ముఖ్యమో నాకు అప్పుడే తెలిసొచ్చింది. క నుంచి న దాకా ఎలాగోలా నెట్టుకొచ్చేదాన్ని. ప దగ్గర ఆగిపోయేది. ప, ఫ, బ, భ, మ అయిదింటికీ రెండు పెదవులూ కలవాలి. నావి కుడివైపు కలిసేవి, ఎడమవైపు గాలి తుస్సుమని పోయేది. చూపుడువేలితో చెంపను పైకి ఎత్తి పట్టుకుంటే తప్ప ‘అమ్మ’ సరిగ్గా వచ్చేది కాదు. బోర్డు మీద రాస్తూ చెంప పట్టుకుని పాఠం చెప్పే టీచరమ్మను ఊహించుకుంటే నవ్వొచ్చేది, అదీ ఒక పక్కే.

మూతిదే కష్టమనుకుంటారు గానీ నన్ను ఎక్కువ విసిగించింది కన్ను. రెప్ప పడదు కాబట్టి పగలంతా చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి టేపు అంటించుకోవడం. ఎడమ చెవికి చిన్న శబ్దం కూడా పెద్దగా వినిపించేది. పెద్ద శబ్దం వచ్చినప్పుడు చెవిలో బిగుసుకుని కాపాడే బుల్లి కండరానికీ ఇదే నరం కొమ్మ వెళ్తుందట. కాలేజీ బెల్లు కొడితే ఉలిక్కిపడేదాన్ని. ప్రాక్టీస్ వాయిదా వేసుకోమన్నారు, వేసుకున్నాను. తోటివాళ్లు బడులకు వెళ్తుంటే నేను ఇంట్లో చార్టులు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. ఆ రోజుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఏడ్చాను.

ఫోన్‌లో స్ఫూర్తి కథలు వరసగా వచ్చేవి. పంపినవాళ్ల మనసు మంచిదే, కానీ ఏ ఒక్కటీ నాకు అంటలేదు. వాటిలో చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ ఎప్పుడూ ఉండేది. నా చూపు మాత్రం ఆవిడ పక్కనున్న మనిషి మీదికి పోయింది. టీచర్ ఆన్ సల్లివన్‌కు చిన్నప్పుడే ట్రకోమా సోకి చూపు బాగా దెబ్బతింది. అంధుల బడిలోనే చదువుకుంది, కళ్లకు ఆపరేషన్లు చేయించుకుంది. 1887 మార్చి 3న హెలెన్ ఇంటికి వచ్చి, ఆ పిల్ల అరచేతిలో వేళ్ల గుర్తులతో అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ల పంపు దగ్గర ఆ పిల్లకు మాట అంటే ఏమిటో తెలిసింది ఏప్రిల్ 5న. అందరూ పంపు గురించే చెబుతారు. నాకు పట్టుకున్నది ఆ నడుమ నెల. అవతలి చేతికి అర్థమవుతోందో లేదో తెలియకుండా రోజూ చెప్పడమంటే మాటలా?

నా అరచెయ్యి పట్టుకున్నది మా ఫిజియోథెరపిస్ట్ మేడమ్. మొదటిరోజు నేను బలమంతా పెట్టి మూతి సాగదీస్తుంటే ఆపేశారు. “అంత గట్టిగా వద్దు. నరం మళ్లీ పెరిగేటప్పుడు ఒక కండరానికి వెళ్లాల్సిన దారం ఇంకోదానికి వెళ్తుంది. నవ్వబోతే కన్ను మూసుకుపోతుంది. తక్కువ చెయ్యి, మెల్లగా చెయ్యి, రెండు పక్కలా సమానంగా వచ్చేంత వరకే చెయ్యి.” అద్దం ముందు కూర్చుని కుడిపెదవిని కూడా ఎడమపెదవి వచ్చినంతే కదపాలి. బాగున్న పక్కను ఆపుకోవడమే కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని మనం పిల్లలకు చెప్పే మాట ఆ గదిలో పనికిరాలేదు.

ఆవిడ పని చేసే తీరును నేను పేషెంటుగా కన్నా ట్రైనీగా ఎక్కువ గమనించాను. నేను చేయగలిగినదాని కంటే ఒక్క మెట్టు పైది మాత్రమే అడిగేవారు. తన వేలితో చెంపకు ఆసరా ఇచ్చి, కదలిక మొదలవ్వగానే వేలు తీసేసేవారు. సొంతంగా చేయగలిగినదానికీ, ఒకరు చెయ్యందిస్తే చేయగలిగినదానికీ నడుమ ఉండే జాగా గురించి మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పింది పరీక్ష కోసం బట్టీపట్టాను. అది నా చెంప మీద జరుగుతుంటే తెలిసింది, ఆసరా ఇవ్వడం కంటే ఎప్పుడు తియ్యాలో పట్టుకోవడమే పని అని. ఇంటికొచ్చి పాఠ్యపథకం మళ్లీ రాశాను. ‘ఉపాధ్యాయుని కృత్యాలు’ గడిలో సగం కొట్టేశాను.

కొన్ని వారాలకు కనుబొమ అదిరింది, అమ్మే ముందు చూసింది. తర్వాత రెప్ప, ఆఖరున పెదవి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. 2007లో అచ్చయిన స్కాట్లాండ్ అధ్యయనంలో తొమ్మిది నెలలకు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 94 శాతం, తీసుకోనివాళ్లలో 82 శాతం మందికి ముఖం మునుపటిలా అయింది. నేను ఆ మిగిలిన కొద్దిమందిలోదాన్ని. ‘పూ’ అని పెదవులు చుడితే నా ఎడమకన్ను కొంచెం ముడుచుకుంటుంది.

వాయిదాపడ్డ ప్రాక్టీస్‌కు వెళ్లిన మొదటి వారమే రెండో బెంచీ పిల్ల పట్టేసింది. “టీచర్, మీరు ‘పూ’ అంటే కన్నెందుకు కొడతారు?” తరగతంతా గొల్లుమంది. జబ్బు చేసిందనీ, ఆ అక్షరాలు నేనూ మళ్లీ నేర్చుకున్నాననీ చెప్పాను. ‘బ’ పలకలేక ‘వ’ అనే పిల్లవాడు ఒకడుండేవాడు, అప్పటిదాకా నా వైపు చూసేవాడే కాదు. ఆ పూట ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి, “మీకు ఎట్లా వచ్చింది?” అని అడిగాడు. బ్యాగులోంచి నా చిన్న అద్దం తీసి వాడికిచ్చాను. ఇద్దరం పెదవులు మూసుకుని, మెల్లగా, మొదలుపెట్టాం.