అతుకు కింద తడి

ఆదివారం, రాత్రి

ఈ రోజంతా పెరట్లోనే గడిచిపోయింది. మోకాళ్ళు పట్టేశాయి, వేళ్ళకు అంటిన గమ్ము ఇంకా పూర్తిగా వదల్లేదు. అయినా పడమటి వైపు అతుకు కూర్చుంది, నాకు చాలా తృప్తిగా ఉంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు నాన్నకు గోల్ఫ్ అలవాటైంది. నెల్లూరు వచ్చి స్థిరపడ్డాక ఆడే చోటు దొరక్క, పెరట్లో ఆర్టిఫిషియల్ టర్ఫ్‌తో, అంటే ప్లాస్టిక్ గడ్డితో, చిన్న పటింగ్ గ్రీన్ (బంతిని దొర్లించి గుంటలో వేసే చదునైన చోటు) వేయించుకున్నారు. కాఫీ తాగి అక్కడికి పోతే పేపర్ వచ్చేదాకా లోపలికి రారు. టర్ఫ్ రోల్ వెడల్పు చాలక ముక్కలు కలిపి వేశారు. మా తంటాలన్నీ ఆ కలిపిన చోటే. వానలు తగ్గినప్పటి నుంచి నాన్నది ఒకటే మాట: "అమ్మాయ్, బంతి అక్కడికి పోయేసరికి ఎడమకి తిరగతా ఉంది."

చేత్తో తడిమితే నాకేమీ తెలియలేదు. బోర్లా పడుకుని, చెంప టర్ఫ్‌కి ఆనించి చూస్తే అప్పుడు కనపడింది. ఒక అంచు ఇంకో అంచు కంటే కొద్దిగా, మిల్లీమీటరో రెండో, పైకి లేచి ఉంది. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములు కూడా ఉండదు. నెమ్మదిగా దొర్లే బంతిని దారి మళ్ళించడానికి ఆ కాస్త గట్టు చాలు.

మా ఊరి ఎండా వానా రెండూ అతుకులకు శత్రువులే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం టర్ఫ్ మీద అరికాలు పెట్టలేం. ఆ వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ లాగుడంతా వచ్చి అతుకు మీదే పడుతుంది. ఎండాకాలమంతా అలా వదులైన చోటికి అక్టోబరు నుంచి మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. సందులోంచి నీళ్ళు దిగి, కింద పరిచిన క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) కొంచెం కొంచెంగా కుంగిపోతుంది. పైగా చీమలు. పొడి చోటు వెతుక్కుంటూ వచ్చి అతుకు కిందే మన్ను తోడి పోస్తాయి.

వేసినతనికి ఫోన్ చేస్తే, "పైనుంచి సందులో గమ్ము పోసి తొక్కేయండి మేడమ్, అదే పట్టుకుంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పైన పోసిన గమ్ము గడ్డి పోగులకు అంటుకుని ముళ్ళలా గట్టిపడుతుంది, కింద కుంగింది కుంగినట్టే ఉంటుంది. పైకి కనపడేది గీత ఒక్కటే, జబ్బంతా అడుగునే ఉంది. అడుగు ఆరకుండా, మట్టం కాకుండా ఎంత ఖరీదైన గమ్ము రాసినా దండగ.

అందుకే సంక్రాంతి హడావిడి అయ్యేదాకా ఆగాను. ఈ మధ్య వాన లేదు, ఎండ బాగా కాస్తోంది. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టాం. ముందు అతుకుకి అటూ ఇటూ అరడుగు మేర, పోగుల మధ్య చల్లి ఉన్న ఇసుకని బ్రష్‌తో ఊడ్చి చేటకెత్తాం. తర్వాత అంచులు మెల్లగా లేపాను. రెండు అంచుల్నీ కింద నుంచి కలిపే పాత టేపు సగం చోట్ల అసలు అంటుకునే లేదు. టర్ఫ్ వీపు మీద నల్లగా తడి, మన్ను, చచ్చిన చీమలు. రెండు అంచులూ వెనక్కి మడిచి, తుడిచి, మధ్యాహ్నం దాకా ఎండకు వదిలేశాం. ఆలోపు కుంగిన చోట కొత్త డస్ట్ పోసి, నీళ్ళు చిలకరించి, తమ్ముడు దిమ్మిసతో కొట్టాడు. మేస్త్రి అల్యూమినియం బద్ద అడ్డంగా పెట్టి, దాని కింద వెలుతురు దూరకుండా ఉండేదాకా కొట్టించాను. పాపం, వాడి చేతులు బొబ్బలెక్కాయి.

ఒక మూల అంచు బాగా చీకిపోయింది. అక్కడ ముక్క వేయాలి. దాచిన పాత ముక్క తెచ్చి గీత గీస్తుంటే అమ్మ వచ్చింది. అమ్మ ఎన్నో ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి. "ఏందే, పోగు ఎటు వాలిందో చూసుకున్నావా? మఖమల్ జాకెట్టుకి ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి కత్తిరిస్తే ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా కనపడదా?" అంది. అరచేత్తో రెండు ముక్కలూ నిమిరి, ఏది ఎటు తిప్పాలో తనే చెప్పింది. టర్ఫ్‌లో ఇది రంగుతో పోదు. పోగు వాలు మారితే బంతి వేగం కూడా మారుతుంది.

కోయడం ఎప్పుడూ వెనక వైపు నుంచే. పోగులు కుట్టిన వరసల మధ్య సందు వెంట కొత్త బ్లేడు నడిపితే ఒక్క పోగు కూడా తెగదు. అంచులు కలిపేటప్పుడు మధ్య దూరం ఆ వరసల దూరమే ఉండాలి, ఈ రకం టర్ఫ్‌లో దాదాపు 5 మిల్లీమీటర్లు. బిగిస్తే గట్టు లేస్తుంది, వదిలితే గీత పడుతుంది.

టేపు పరిచి, టైల్స్ వాళ్ళు వాడే పళ్ళున్న తాపీతో పాలీయురేథేన్ గమ్ము పూశాను. ఇది గాలిలో తేమతో గట్టిపడే రకం, సముద్రం దగ్గరున్న మన ఊళ్ళో తొందరగానే పట్టుకుంటుంది. కానీ నీటి చుక్క తగిలితే నురగ వస్తుంది, అందుకే అంత ఆరబెట్టింది. రెండు అంచులూ పైకి పట్టుకుని, మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా దించాం. గమ్ములో చిక్కిన పోగుల్ని అమ్మ దబ్బనంతో ఒక్కొక్కటిగా పైకి లాగింది. ఆ ఓపిక నాకు లేదు. పైన బరువుకి వంటగట్టు వేయించినప్పుడు మిగిలిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్కలు వరసగా పేర్చాం.

నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, గుంట దగ్గరికి అతుకు రాకూడదని మళ్ళీ మళ్ళీ చెప్పారు. గుంట వ్యాసం 4.25 అంగుళాలని 1891లోనే స్కాట్లాండ్‌లో ఖాయం చేశారట, అది కూడా చెప్పారు. అతుకు గుంటకి దూరంగానే ఉంది, కానీ ఆయన టెన్షన్ ఆయనది.

ఇక ఇసుక. పెన్నా ఇసుక వద్దు, అందులో మన్ను ఉంటుంది, తడికి గడ్డ కడుతుంది. చిల్లకూరు, కోట వైపు నుంచి గాజు ఫ్యాక్టరీలకు పోయే సిలికా ఇసుకైతే శుభ్రంగా ఉంటుంది, నీళ్ళు నిలవనీదు, పోగుల్ని నిలబెడుతుంది. దాన్ని పలచగా చల్లి, పోగు వాలుకి ఎదురుగా బ్రష్ కొట్టాలి.

రాళ్ళు రేపు సాయంత్రం తీయాలి, అప్పటిదాకా పిలకాయల్ని అటు పోనీకూడదు. ఊడ్చి ఎత్తిన ఇసుకలో చీమల మన్ను కలిసిపోయింది, మళ్ళీ వాడను. ఒక బస్తా కొత్తది కావాలి, తమ్ముడు రేపు గూడూరు పోతున్నాడు కాబట్టి వాడికే చెప్పాను.