పన్నెండు వేలకు కొన్న సలహా

మూడేళ్ల క్రితం షేర్ల సలహాల కోసం ఒక సంస్థకు 12,000 రూపాయలు కట్టాను. గోపాలపట్నంలో లెక్కల టీచరుగా పనిచేసే నాకు అది చిన్న మొత్తం కాదు. వారానికి రెండు పేర్లు ఫోనుకు వచ్చేవి. ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో ఉండేది. ఎందుకు కొనాలో ఒక్క వాక్యం ఉండేది కాదు. షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే జవాబే రాలేదు. ఇలా షేర్ల సలహాలిచ్చే రీసెర్చ్ అనలిస్టుల నంబరు ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుందని, సెబీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. డబ్బు కట్టకముందే చూడవలసింది.

ఆ తర్వాత నేనే చదవడం మొదలుపెట్టాను. మా పెదనాన్నగారి అబ్బాయి భీమవరం దగ్గర రొయ్యలు సాగుచేస్తాడు. 2021లో ఎప్పుడు ఫోను చేసినా మేత ధర గురించే బాధపడేవాడు. మేతలో కలిపే సోయా పిండి ధర మండిపోయి, ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతించవలసి వచ్చింది. అది గుర్తొచ్చి, మన విశాఖలోనే రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న రొయ్యల మేత కంపెనీ అవంతి ఫీడ్స్ 2021-22 వార్షిక నివేదిక తెరిచాను. లాభనష్టాల పట్టికలో ముడిసరుకు ఖర్చును అమ్మకాలతో భాగించి, ముందటి ఏడాదితో పోల్చాను. అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది. అన్నయ్య చెప్పిన బాధే అక్కడ అంకెల్లో కనిపించింది. ఆ షేరు కొనమనో, వద్దనో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్కకు నాకు పైసా ఖర్చు కాలేదు.

వార్షిక నివేదికలు, మూడు నెలల ఫలితాలు, వాటాదారుల వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో ఉచితమే. స్క్రీనర్ అనే వెబ్‌సైటులో పదేళ్ల అంకెలు ఒకే పేజీలో దొరుకుతాయి. వ్యాపార పత్రికల కోసం ద్వారకానగర్ పౌరగ్రంథాలయానికి వెళ్తాను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినవి మాత్రం కంపెనీలు అప్పు తీర్చగలవో లేదో అంచనా కట్టే క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి రేటింగ్ సంస్థలు రాసే నోట్లు. చాలామంది వాటి జోలికే పోరు. కంపెనీ బలాలు, బలహీనతలు, ఏది జరిగితే రేటింగ్ తగ్గుతుందన్నది కొద్ది పేజీల్లో రాసి ఉంటాయి. రేటింగుకు రుసుము కట్టేది ఆ కంపెనీయే కాబట్టి మెతకగా రాశారేమోనన్న అనుమానంతోనే చదువుతాను. పైగా ఆ నోటు చూసేది అప్పు తీర్చగలదా అని. షేరు ధర సబబా అన్నది దానికి పట్టదు. అయినా అప్పుల సంగతి అంత సూటిగా మరెక్కడా నాకు దొరకలేదు.

ఆ ఏడాది చందా గడువు ముగిశాక మళ్లీ కట్టలేదు. ఇప్పుడు ప్రతి మూడు నెలల ఫలితాలకూ ముందు అన్నయ్యకు ఫోను చేసి మేత బస్తా ధర అడిగి, నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంటున్నాను.