లాడ్జి మాది, ఫోన్ నంబరు వాళ్లది

2025 దసరాకి మా గదులు సగానికి పైగా మా సొంత వెబ్‌సైట్ మీదే నిండాయి. విజయవాడ గాంధీనగర్‌లో చాలా ఏళ్లుగా లాడ్జి నడుపుతున్నవాణ్ణి, ఈ మాట కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. బుకింగ్ యాప్ లేకపోతే ఈ రోజుల్లో ఈగలు తోలుకోవాల్సిందేనని నాతో అన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు కూడా చదవాలనే రాస్తున్నాను.

వెబ్‌సైట్ చేయించడం పెద్ద పనేం కాదు. మా చెల్లెలి కొడుకు కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడే చేశాడు. డొమైన్ పేరుకి ఏడాదికి కొన్ని వందలవుతుంది. దాన్ని మాత్రం మీ పేరున, మీ మెయిల్‌తో, మీ కార్డుతోనే కొనండి. "అన్నీ మేం చూసుకుంటాం సార్" అనేవాడి చేతిలో పెడితే, రేపు వాడితో చెడిన రోజున మీ సైట్ వాడి జేబులో ఉంటుంది. సైట్‌లో డబ్బు కట్టించే పేమెంట్ గేట్‌వే వాళ్లు పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు అడిగారు. సైట్‌లో రిఫండ్ పాలసీ, చిరునామా, ఫోన్ నంబరు ఉన్న పేజీలు కావాలన్నారు. పెట్టాం, ఒప్పుకున్నారు. మా గేట్‌వేలో యూపీఐకి ఛార్జీ పడలేదు, కార్డుకైతే రెండు శాతం దాకా పోతుంది. ఇక్కడికి అయిపోయింది.

సైట్ తయారయ్యాక చాలా రోజులు ఒక్క బుకింగూ రాలేదు. ఎందుకు రాలేదో తెలిశాక నాకు బీపీ పెరిగింది.

వెనక కథ కొంచెం చెప్పాలి. కరోనా తర్వాత వ్యాపారం పడిపోయి ఉంటే ఒక బుకింగ్ కంపెనీ కుర్రాళ్లు వచ్చి ఒప్పందం రాయించుకున్నారు. కంపెనీ పేరు రాయను, ఈ లైనులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త దుప్పట్లు ఇచ్చారు, మా బోర్డు మీద వాళ్ల బోర్డు బిగించారు, గూగుల్ మ్యాప్‌లో మా పేరుకి ముందు వాళ్ల పేరు చేర్చారు, మా నంబరు తీసేసి వాళ్ల కాల్ సెంటర్ నంబరు పెట్టారు. లెక్క చూడండి. వెయ్యి రూపాయల గదికి కమిషన్ 20 శాతం అనుకుంటే 200, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 36. ఇప్పటి రేట్లలో టీసీఎస్, టీడీఎస్ అనే పన్నుల కింద ఇంకో ఆరు రూపాయలు ముందే పట్టుకుంటారు, అవి తర్వాత సర్దుబాటవుతాయనుకోండి. ఇది మామూలు రోజు లెక్క. వాళ్లు "ఫ్లాష్ సేల్" అన్న రోజున ఆ వెయ్యి కాస్తా ఆరొందలవుతుంది, ఆ ఆరొందల మీద మళ్లీ కమిషన్. రేటు తగ్గించింది వాళ్లు, కోత నాకు.

2024 మొదట్లో ఒప్పందం గడువు అయిపోయింది, పొడిగించలేదు. వాళ్ల బోర్డు విప్పుకుపోయారు. మ్యాప్‌లో పేరు, నంబరు మాత్రం అలాగే వదిలేశారు. వదిలేశారు అనకూడదు, అట్టే పెట్టుకున్నారు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కుటుంబం మా గుమ్మంలోనే నిలబడి ఫోన్ చేసింది. ఆయన కళ్లు ఫోన్లో ఉన్నాయి, నేను కౌంటర్లో ఉన్నాను, మధ్యలో నాలుగడుగుల దూరం. అవతల హిందీలో ఎవరో ఎత్తారు. ఆయన వచ్చీరాని హిందీలో అడిగారు, వాళ్లేదో చెప్పారు. ఫోన్ పెట్టేసి భార్యతో "ఇక్కడ ఫుల్లట, ఇంకో లాడ్జి అడ్రస్ పంపుతారట" అన్నారు. నా వెనక తాళాల బోర్డు మీద తాళాలు వేలాడుతూనే ఉన్నాయి. "బాబూ, గదులున్నాయి, లోపలికి రండి" అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి, "కంపెనీ వాళ్లు లేవన్నారండీ" అని సామాను ఎత్తుకుని వెళ్లిపోయారు. మా రూమ్ బాయ్ ఎదురుగానే ఇదంతా జరిగింది. నా లాడ్జిలో నేనే బ్రోకర్‌లా కనిపించాను ఆయనకి.

అదైనా వ్యాపారం, సర్దుకుంటాం. ఆ సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగి జనం బయటపడుతుంటే మా వైపు లాడ్జీల కోసం మ్యాప్‌లో వెతుక్కున్నారు. మాకు చేసిన ఫోన్లు ఆ కాల్ సెంటర్‌కే వెళ్లాయి. యాప్‌లో "లోకల్ ఆధార్‌కి గది ఇవ్వబడదు" అని ఏనాటిదో షరతు ఒకటి ఉంది. సింగ్‌నగర్ వాళ్ల ఆధార్ మీద విజయవాడ కాకపోతే ఏముంటుంది? ఫోన్లోనే కాదన్నారట. నడుముల దాకా తడిసి, పాపని ఎత్తుకుని నేరుగా వచ్చిన ఒకావిడ "మీరు ఇవ్వరన్నారు, అయినా అడుగుదామని వచ్చాం అన్నయ్యా" అంటే నాకు తల ఎత్తుకోలేనంత పనైంది. అప్పుడు ఖాళీగా ఉన్న గదులన్నీ ఇచ్చేశాను. ఎంత తీసుకున్నానో, తీసుకోలేదో ఇక్కడ అనవసరం. కానీ ఫోన్లోనే వెనక్కి తిరిగిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. వాళ్ల దృష్టిలో గది లేదన్నది మా లాడ్జే.

మా మేనల్లుడు "మామయ్యా, ముందు మ్యాప్ మన చేతికి రావాలి, అప్పుడే సైట్" అన్నాడు. మ్యాప్‌లో మన పేరు, నంబరు మార్చుకునే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్లి మన లాడ్జి పేరు వెతికి, యాక్సెస్ కావాలని అభ్యర్థన పెట్టాలి. ఇప్పటికే యజమానిగా ఉన్నవాళ్లకి మెయిల్ వెళ్తుంది, జవాబివ్వడానికి మూడు రోజులు గడువుంటుంది. వాళ్లు పలక్కపోతే మనం ముందుకెళ్లే దారి దొరుకుతుంది. మావాళ్లు పలికారు. మామూలుగా పేమెంట్ అడిగితే నెలల తరబడి పలకని కంపెనీ ఆ రోజే పలికింది: తిరస్కరించాం అని.

సరే, మనిషితో మాట్లాడదామని వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. ఆఫీసంటే అద్దాల గది, బీన్ బ్యాగులు, కాఫీ మెషీన్. గంటలు గంటలు కూర్చోబెట్టారు. చివరికి మా అబ్బాయి వయసు కుర్రాడొకడు వచ్చి "చెప్పండి అంకుల్" అన్నాడు. నేను ట్రేడ్ లైసెన్సు, కార్పొరేషన్ ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, గడువు తీరిన ఒప్పందం అన్నీ బల్ల మీద పరిచాను. వాడు వాటిని చదవను కూడా చదవకుండా ఒక పక్కకి జరిపి, "ఇవన్నీ బిల్డింగ్‌కి అంకుల్. లిస్టింగ్‌కి కాదు. లిస్టింగ్ మా డిజిటల్ అసెట్" అన్నాడు.

లిస్టింగ్ అంటే మ్యాప్‌లో మా లాడ్జి వివరాలున్న పేజీ. మరి మా నాన్న పెట్టిన పేరు వాళ్ల ఆస్తి ఎలా అవుతుందని అడిగాను. "దాని మీద రివ్యూలు మా కస్టమర్లు రాసినవి కదా అంకుల్" అన్నాడు. ఆ కస్టమర్లు పడుకున్నది ఎవరి మంచాల మీద? వాళ్ల బకెట్లు మోసింది ఎవరి కుర్రాళ్లు? అడిగాను, గట్టిగానే అడిగాను. సెక్యూరిటీ గార్డు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇరవై గదుల లాడ్జి ఓనర్ని, గార్డు పక్కనుండగా లిఫ్ట్ దాకా నడిపించారు. పోతూ పోతూ ఆ కుర్రాడు "పాత డ్యూస్ ఏవో ఉన్నాయి, అవి క్లియర్ చేస్తే ఎన్ఓసీ ఆలోచిస్తాం" అన్నాడు. ఆ డ్యూస్ ఏంటో, ఏ నెలవో కాగితం అడిగితే ఈరోజు వరకు ఇవ్వలేదు. ఈ పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకి జీతం వచ్చేదే ఇలా మాట్లాడటానికి. పాతకాలం బ్రోకరు నయం, కమిషన్ తీసుకున్నా మన ఇంటి పేరు మార్చేవాడు కాదు.

ఇంటికొచ్చాక లాయర్ నోటీసు ఇప్పించాను. ఒప్పందం ముగిసిన తేదీ, మా పేరు, మా చిరునామా, మా పేరుతో గదులు లేవని చెప్పి గెస్టుల్ని మళ్లించిన సంగతి, అన్నీ రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇది చేయడానికి వెనకాడకండి, బోలెడు ఖర్చేం కాదు. 2022 అక్టోబరులో వ్యాపారాల్లో పోటీ సరిగ్గా జరుగుతోందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ పెద్ద పెద్ద బుకింగ్ సంస్థలకే జరిమానా వేసింది, "మా సైట్‌లో కంటే తక్కువ రేటుకి మీరెక్కడా అమ్మకూడదు" అని ఆ సంస్థలు లాడ్జీలకి పెట్టిన షరతు కూడా అందులో ఒక కారణం. మన సొంత రేటు మనం పెట్టుకోవడం నేరమన్నట్టు మాట్లాడేవాళ్లకి ఆ ఉత్తర్వు సంగతి గుర్తు చేయండి. నేను చేశాను. నోటీసు అందాక పైనుంచి ఎవరో ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "సార్" అని, ప్రొఫైల్ వదిలేస్తున్నామన్నారు. అంకుల్ పోయి సార్ వచ్చాడు.

అయినా అయిపోలేదు. లాడ్జి మనదేనని గూగుల్‌కి చూపించే వీడియో వెరిఫికేషన్ ఉంది. కట్ చేయకుండా ఒకే వీడియోలో వీధి, చుట్టుపక్కల కొట్లు, మన బోర్డు, ఆ తర్వాత ఓనరు మాత్రమే వెళ్లగలిగే చోటు చూపించాలి. ఎడిటింగ్ పనికిరాదు. మొదట తీసింది తిప్పి పంపారు. మ్యాప్‌లో కంపెనీ పేరుతో కలిపి ఉంది, బోర్డు మీద మా పేరు సగం చిరిగిన ఫ్లెక్సీ, లైసెన్సులో ఇంకోలా ఉంది. ఎలా నమ్ముతారు? ఫ్లెక్సీ పీకించి, ఆర్టిస్టుని పిలిచి, లైసెన్సులో అక్షరం పొల్లు పోకుండా తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో రాయించాను. మళ్లీ తీశాం. మావాడు ఫోన్ పట్టుకుని వీధి చివర నుంచి నడుస్తుంటే టీకొట్టు దగ్గర జనం "ఏ ఛానెల్ బాబూ?" అని వెంటపడ్డారు. మెట్ల మీద ఒక గెస్టు తువ్వాలు కట్టుకుని ఎదురొచ్చాడు. మావాడు ఆగలేదు. కౌంటర్ సొరుగు తాళం తీయడం, రిజిస్టర్, తాళాల బోర్డు, గోడకున్న ట్రేడ్ లైసెన్సు, మెయిన్ స్విచ్ గది, అన్నీ చూపించాం. కొద్ది రోజుల్లో ఒప్పుకున్నారు. ఆ తువ్వాలాయన గూగుల్ ఆఫీసులో ఎవరి కంటనో పడే ఉంటాడు.

నంబరు మారిన వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు సైట్ మీద కూర్చున్నాం. లోపల గొప్ప గొప్ప ఇంగ్లీషు మాటలు ఉండేవి, "లగ్జూరియస్ స్టే" అని, మా గదులకి! తీసేయించాను. ఫోన్లో జనం ఏం అడుగుతున్నారో నాకు తెలుసు కదా, అదే తెలుగులో, హిందీలో రాయించాను. రాత్రి రెండింటికి ట్రైన్ దిగితే గది ఇస్తారా? 24 గంటల చెకౌటా, మధ్యాహ్నం పన్నెండుకి వెళ్లగొడతారా? వేడినీళ్లు ఎన్నింటి దాకా? ముసలివాళ్లున్నారు, లిఫ్టుందా? కారు ఎక్కడ పెట్టాలి? దుర్గమ్మ కొండకి ఆటోకి ఎంత తీసుకుంటారు? లోకల్ ఆధార్‌కి ఇస్తామని కూడా ఆ పేజీలోనే రాయించాను. ఫోటోలు ఫోన్‌తోనే తీసి సైజు తగ్గించి పెట్టాం, పల్లెటూళ్లో సిగ్నల్ సరిగ్గా లేకపోయినా తెరుచుకోవాలి. బాత్రూమ్ ఫోటో తప్పకుండా పెట్టండి, ఆడవాళ్లు మొదట చూసేది అదే. వాట్సాప్ బటన్ పైనే ఉండాలి. గూగుల్‌లో గదుల రేట్లు కనిపించేచోట మన సైట్ లింకు ఉచితంగానే వస్తుంది, 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది. మేం దానికి బుకింగ్ ఇంజిన్ కంపెనీ, అంటే సైట్‌లో బుకింగులు నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్ల సాయం తీసుకున్నాం, నెలకి కొంత తీసుకుంటారు. కమిషన్‌తో పోలిస్తే అదేం లెక్కలోది కాదు.

2025 దసరా సెప్టెంబరు 22న మొదలైంది. సరిగ్గా ఆ రోజు నుంచే 7500 లోపు గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పొద్దున్నే సైట్‌లో టారిఫ్ మార్పించాను. కొన్ని యాప్‌లలో ఇంకా పాత పన్నే చూపిస్తోందని గెస్టులే ఫోన్ చేసి చెప్పారు. ఇందులో మనకో మెలిక ఉంది: ఈ 5 శాతం రేటుకి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మనం ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోలేం. యాప్ కమిషన్ మీద కట్టే 18 శాతం ఇదివరకు సర్దుకునేవాళ్లం, ఇప్పుడు అది నిలువునా ఖర్చే. సొంత బుకింగ్ ఎందుకు కావాలో మీ ఆడిటర్నే అడగండి. దుర్గమ్మ గుడికి జనం పోటెత్తే మూలా నక్షత్రం రోజుకి అడ్వాన్సు పూర్తిగా తీసుకున్నాం, రిఫండ్ లేదని ముందే పెద్ద అక్షరాలతో పెట్టాం. ఎవరూ గొడవ పడలేదు.

యాప్‌లన్నీ మానేయలేదు, ఖాళీ రోజులకి రెండు ఉంచాను. కాకపోతే గదులన్నీ వాళ్లకి తెరవను, కొన్నే ఇస్తాను.

ఇక మిగిలింది పాత రివ్యూలు. ప్రొఫైల్‌తో పాటు అవీ వచ్చాయి. సగం ఒక్క స్టార్‌వే, డబ్బు కట్టాక గది ఇవ్వలేదని, రిఫండ్ రాలేదని. రాత్రి కౌంటర్లో పని తగ్గాక ఒక్కోదానికి నేనే జవాబు రాస్తున్నాను: "అమ్మా, ఆ బుకింగ్ తీసుకున్నది మేం కాదు. ఇప్పుడు ఈ నంబరు మాదే. ఈసారి వస్తే నేరుగా నాకే ఫోన్ చేయండి." నిన్న అందులో ఒకాయన చేశారు, కార్తీక మాసంలో దర్శనానికి రెండు గదులు కావాలని.