దూదికి అంటిన నీలం

గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌లో ముంచిన దూదిని మా ఆయన నా ముందు పెట్టారు. దూది నీలంగా ఉంది. పక్కనే నేను ముందురోజు 4,500 రూపాయలు పోసి తెచ్చుకున్న ‘120 ఏళ్ళ నాటి’ ఫ్లవర్ వాజ్. దాని మెడ దగ్గర వేలెడు మేర నీలం పోయి, కింద మామూలు తెల్లగాజు బయటపడింది, హార్లిక్స్ సీసాలాగా.

“స్ప్రే పెయింట్,” అన్నారాయన. అంతే. ఇంకో మాట ఏదైనా అనుంటే పోట్లాడుకోవడానికైనా వీలుండేది.

నీలి గాజు వెంట ఎందుకు పడ్డానో చెప్పాలి. మా అత్తయ్య దగ్గర ముదురు నీలం వాజులు ఒక జత ఉండేవి, జానెడున్నర ఎత్తు. 2015 డిసెంబర్‌లో సైదాపేటలో మా కింది వాటాలోకి వరద నీళ్ళు వచ్చినప్పుడు టీవీ, మిక్సీ, పట్టుచీరల పెట్టె మేడ మీదికి చేర్చాను గానీ వాజుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక బురదలో ఒకటి వాజుగా దొరికింది, రెండోది ముక్కలుగా దొరికింది. ఆ ముక్కల్ని అత్తయ్య పారేయనివ్వలేదు. కడిగి, పాత డాల్డా డబ్బాలో వేసి పెట్టుకుంది. నేను బ్యాంకు నుంచి రిటైరయ్యాక, మిగిలినదానికి జోడీ వెతుకుదామనుకున్నాను. నా బుద్ధికి అది నెలరోజుల పని. ఏడాది పైనే పట్టింది.

మద్రాసులో పాత గాజు ఎక్కడ కనిపించినా అది ‘బెల్జియం’. చెట్టినాడు మేడలోంచి వచ్చిందంటే ఇంకో వెయ్యి. ఆ ఇళ్ళల్లో నిజంగానే బెల్జియం అద్దాలు, బయటి దేశాల రంగు గాజులు ఉన్నాయి కాబట్టి ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. నేనూ నమ్మాను. దూది పట్టుకుని కొట్టుకి వెళితే కొట్టాయన నవ్వుతూ, “కొనేటప్పుడు చూసుకోవాలి కదమ్మా,” అన్నాడు. బిల్లు అడగలేదు కాబట్టి బిల్లు లేదు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో కాగితం లేనిదే కదలని మనిషిని!

ఇంటికొచ్చి కోపంలో డాల్డా డబ్బా తెరిచాను. ముక్కని అడ్డంగా పట్టుకుని చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే నీలం. రంగు గాజులోనే ఉంది, గాజు మీద లేదు. ఈ చిన్న తేడా తెలియడానికి నాకు 4,500 అయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నెల్లూరులో బీఎస్సీ చదివేటప్పుడు సాల్ట్ ఎనాలిసిస్‌లో, అంటే ఉప్పులో ఏమేం ఉన్నాయో కనిపెట్టే ప్రయోగంలో, ఒక నీలి గాజు పలక ఇచ్చేవాళ్ళు. పొటాషియం మంట లేత ఊదారంగులో ఉంటుంది, కానీ సోడియం రవ్వంత కలిసినా మంటంతా పసుపైపోయి ఊదా కనపడదు. ఆ పలకలోంచి చూస్తే పసుపు మాయమై ఊదా తేలుతుంది. అది కోబాల్ట్ గాజు. మా ఆయన అంబత్తూరులో ఫౌండ్రీలో చేశారు. కొలిమిలోకి చూడటానికి వాళ్ళు పెట్టుకునేదీ అదేనట. “నువ్వు వాజు అంటున్నావు, మేం ముప్పై ఏళ్ళు కళ్ళకి కట్టుకున్నాం,” అన్నారు.

సరే, వంటింట్లోనే ల్యాబ్ పెట్టాం. స్టవ్ వెలిగించి గరిట చివర చిటికెడు ఉప్పు మంటలో పెడితే పసుప్పచ్చగా ఎగిసింది. అత్తయ్య ముక్కలోంచి చూశాను, పసుపు లేదు. సగం తుడిచిన దొంగ వాజులోంచి చూశాను, మసకగానైనా పసుపు కనబడుతూనే ఉంది. ఇంతలో అత్తయ్య వచ్చింది. “అమ్మాయ్, స్టవ్వు మీద ఉప్పు వేస్తున్నావేంటి, దిష్టి తీస్తున్నావా?” తీయాల్సిందే నిజానికి.

కానీ ఈ పరీక్ష కోబాల్ట్ ఉందని చెబుతుంది, వయసు చెప్పదు. కిలో గాజుకి ఒక గ్రాము లోపు కోబాల్ట్ ఆక్సైడ్ చాలు, ఇంత ముదురు నీలం వస్తుంది. మూడు వేల ఏళ్ళ కిందటే ఈజిప్టు వాళ్ళకి ఈ రంగు తెలుసు. దానికి కారణమైన లోహాన్ని స్వీడన్‌లో గియోర్గ్ బ్రాంట్ అనే ఆయన విడిగా గుర్తించింది మాత్రం 1735 ప్రాంతంలో. పేరు జర్మన్ గని పనివాళ్ళది. వెండి దొరుకుతుందని తవ్విన రాయి కాలిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేదట, అందుకని గనిలో ఉండే కొంటె దయ్యం పేరు పెట్టి తిట్టుకున్నారు. నా అనుభవంతో చూస్తే ఆ పేరు సరిగ్గానే పెట్టారు. గాజు పనికి పేరున్న ఫిరోజాబాద్‌లో పోయిన నెల ఊదిన వాజులో కోబాల్ట్ ఉంటే అది కూడా నా ఉప్పు పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసవుతుంది.

వయసు తెలియాలంటే వాజుని బోర్లించాలి. ఇది నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

గొట్టంతో ఊదిన వాజుకి మూతి చివర్లో తీరుస్తారు. అప్పుడు పట్టుకోవడానికి అడుగున ఒక ఇనపకడ్డీని వేడి గాజుతో అతికిస్తారు. పని అయ్యాక కడ్డీని తట్టి విరిస్తే అక్కడ గరుకుగా మచ్చ మిగులుతుంది. పేరు పాంటిల్ గుర్తు. నేను బొడ్డు అంటాను, పనీ అదే, పుట్టుకకి గుర్తు. మంచి సామానుకి ఆ బొడ్డుని అరగదీసి రూపాయి బిళ్ళంత నున్నటి గుంట చేస్తారు. అచ్చులో పోసినవాటికి పక్కల గీతలుంటాయి. గీత మెడ దగ్గర ఆగిపోతే మూతి చేత్తో తీర్చారన్నమాట. గీత మూతి అంచు మీదుగా కూడా పోతే అది యంత్రం పని. అమెరికాలో ఓవెన్స్ సీసాల యంత్రం వచ్చింది 1903లో, కాబట్టి అలాంటి సీసా మామూలుగా అంతకంటే పాతది కాదు. అడుగున ‘చెకోస్లోవేకియా’ అని ఉంటే 1918 తర్వాతిదే, అంతకుముందు ఆ దేశమే లేదు. అడుగు అంచు మీద గీతలు కూడా చూడాలి. ఏళ్ళ తరబడి బల్ల మీద జరిగిన గీతలు ఎటు పడితే అటు ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది తెచ్చిన ముసలితనం ఒకే వైపు దువ్వినట్టు ఉంటుంది.

ఇదంతా తెలిశాక అత్తయ్య వాజుని బోర్లించకుండా ఎలా ఉంటాను? బొడ్డు లేదు. రెండు పక్కలా గీతలు, సరాసరి అంచు మీదుగా. యంత్రం పని.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మా ఇంట్లో ఆ జతకి ఒక చరిత్ర ఉంది. ఎవరో దొర ఇంగ్లండు వెళ్ళిపోతూ బంగళా సామాన్లు వేలం వేస్తే మా ఆయన తాతగారు కొన్నారని. నేను నెమ్మదిగా, నొప్పించకుండా అత్తయ్యతో అన్నాను, ఇది మరీ అంత పాతది కాకపోవచ్చని.

“ఏ దొర? మీ మామయ్య మూర్ మార్కెట్లో కొన్నారు, మీ ఆయన పుట్టిన ఏడు. ఏడు రూపాయలు, జత.”

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడు అక్కడ సెంట్రల్ పక్కన లోకల్ రైళ్ళ స్టేషన్. దొర కథ మాత్రం మా పెళ్ళిచూపుల్లో పుట్టిందని ఆ సాయంత్రం తేలింది. మా నాన్న వాజుల వైపు చూశారని, ఏదో ఒకటి చెప్పాలి కదా అని మా అత్తవారివైపు వాళ్ళు చెప్పారట. 35 ఏళ్ళుగా నేనే ఆ కథని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను.

దాంతో జోడీ పిచ్చి వదిలిపోయి వేరే పిచ్చి పట్టుకుంది. బొడ్డున్న నీలం ఒకటి కొనాలి.

ఈసారి డబ్బు పెట్టే ముందు వేళ్ళకి శిక్షణ ఇచ్చాను. మా వీధి చివర కాయలాంకడలో, అంటే పాత సామాన్ల కొట్లో, పాత మందు సీసాలు ఒక్కోటి 30, 40 రూపాయలకి ఏరుకున్నాను. ప్లాస్టిక్ రాకముందు నాటి విక్స్ సీసా, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసా, మా పెద్దమ్మ బీరువా వాసన గుర్తుకొచ్చే ఈవెనింగ్ ఇన్ పారిస్ సెంటు సీసా. అన్నీ కోబాల్ట్ నీలమే. ఒంటి నిండా నిలువు గాట్లున్న చిన్న సీసా ఒకటి దొరికింది. విషపు మందులకి అలా చేసేవాళ్ళు, చీకట్లో తడిమినా చేతికి తెలియాలని. కొట్టతను మొదట జాలిగా చూసేవాడు, తర్వాత నీలం ఏది వచ్చినా పక్కన పెట్టి, “అక్కా, మీ సరుకు వచ్చింది,” అని కేకేసేవాడు. కళ్ళు మూసుకుని గీత ఎక్కడ ఆగిందో గోటితో చెప్పగలిగాక, ఇక చాలు అనిపించింది.

మౌంట్ రోడ్డు వైపు ఒక వేలంపాట ఉందని తెలిసింది. ముందురోజు సరుకు చూడనిస్తారు. నా ఉద్దేశంలో వేలం అంటే ఆ ముందురోజే. పాట రోజు చేయడానికేమీ ఉండదు, టెన్షన్ పడటం తప్ప. పేరు రాయించుకుని 2,000 డిపాజిట్ కట్టాం. ఒక మూల అట్టపెట్టెలో ఇత్తడి యాష్‌ట్రే, మూత లేని రెండు డికాంటర్లు, మూడు బీరు గ్లాసులు, వాటి మధ్య నల్లటి వాజు ఒకటి. అవును, నల్లగానే కనిపించింది. ట్యూబులైటు కింద దళసరి కోబాల్ట్ గాజు అంతే.

నా సంచిలో మా ఆయన పాత టార్చి ఉంది, ఎల్ఈడీ కాదు, చిన్న బల్బుది. కోబాల్ట్ గాజు నీలంతో పాటు ముదురు ఎరుపుని కూడా కొంత వదులుతుంది. అందుకే ఫిలమెంటు బల్బు కాంతిలో నీలం అంచున వంగపండు ఛాయ కనబడుతుంది. రాగితో వచ్చిన నీలమైతే ఆకుపచ్చకి తిరుగుతుంది. వాజులో టార్చి పెట్టగానే వంగపండు కనిపించింది. బోర్లించాను. నున్నటి గుంట. మూతి అంచున బంగారు పూత చెరిగిపోయి అక్కడక్కడా మిగిలింది. ఒంట్లో రెండు మూడు గాలిబుడగలు. బల్ల మీద తిప్పితే మెడ కాస్త పక్కకి ఒరిగింది, చేత్తో చేసినట్టే. అడుగు అంచున మినపగింజంత పెచ్చు లేచిపోయింది. ఇంకెవరైనా అది చూసి పక్కన పెట్టేస్తారు, నాకు మాత్రం అక్కడే ధైర్యం వచ్చింది. పెచ్చు లోపల కూడా నీలమే.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకూడదని అప్పటికే తెలుసు. లోపల తెల్లగాజు కనబడినంత మాత్రాన దొంగది కాదు. తెల్లగాజు మీద పల్చటి నీలి గాజు పొర వేసి, దాన్ని కోసి పూలు తీసే పని బొహీమియా వాళ్ళది, అది ఖరీదైన సరుకు. అక్కడ నీలం దూదికి అంటదు, చీర అంచులా గాజులో గాజుగా కలిసి ఉంటుంది.

మర్నాడు మా హద్దు 5,000 అనుకున్నాం. పాట 1,500 దగ్గర మొదలైంది. తెల్ల చొక్కా ఆయన ఒకడు ఫోన్ చూసుకుంటూనే వేలు ఎత్తుతున్నాడు. 4,000 దాటాక అతను నా వైపు చూశాడు. చూడగానే నాకు కాళ్ళు వణికాయి. 5,000 అతను. నేను ఆగాలి. పక్కనుంచి, “5,200” అన్న గొంతు వినబడింది, చూస్తే మా ఆయనది. అతను 5,600. మా ఆయన 5,800. “ఒరు తరం, రెండు తరం, మూణు తరం...” సుత్తి పడింది. కమీషనూ పన్నూ కలిపితే ఎంతయిందో ఇద్దరం ఇంట్లో చెప్పలేదు. ఈసారి బిల్లు మాత్రం రెండుసార్లు అడిగి తీసుకున్నాను.

మెట్రోలో సామాను స్కానర్ మీద పెట్టమన్నారు. పాత నూలుచీరలో చుట్టిన వాజు బెల్టు మీద ఊగుతూ ఆ గుహలోకి వెళ్ళి ఇవతలికి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. సెక్యూరిటీ అమ్మాయి, “లోపల ఏంటండీ?” అంటే, “కూజా,” అన్నాను.

కడగడం ఒక వారం. వేడినీళ్ళు వద్దు, ఉన్నట్టుండి వేడి తగిలితే పాత గాజు పగిలిపోవచ్చు. సింకులో కాదు, ప్లాస్టిక్ తొట్టిలో కింద తువ్వాలు పరిచి, చల్లారిన నీళ్ళు, నాలుగు చుక్కల సబ్బు. బంగారు పూత జోలికి పోలేదు. లోపల నీళ్ళు నిలిచిన తెల్లటి వలయానికి వెనిగర్ పోసి రాత్రంతా ఉంచాను, చాలావరకు వదిలింది. వాజు అడుగు మట్టికి గుప్పెడు బియ్యం, కాసిని నీళ్ళు పోసి నెమ్మదిగా తిప్పాను. కొంచెం మసక మాత్రం మిగిలింది. అది గాజు లోపలికి తిన్న మచ్చ, ఏం చేసినా పోదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోటో చూసి, “అమ్మా, అది నాకు పంపు,” అన్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువుని మనబోటి వాళ్ళం దేశం దాటించకూడదు. నూరేళ్ళు దాటలేదని చెప్పాలంటే పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తేవాలి. బొడ్డు చూసి నేను దానికి వందేళ్ళకి అటూ ఇటూ వేశాను. “సెలవుల్లో వచ్చి చూసుకో,” అన్నాను.

ఇప్పుడు రెండూ ఒకే అలమరలో ఉన్నాయి, ఏడు రూపాయల జతలో మిగిలినదీ ఇదీ. పక్కపక్కన పెడితే అసలు పోలిక లేదు, ఇది నాలుగు వేళ్ళు పొట్టి. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, నేను చూపించినట్టు అడుగున బొటనవేలు పెట్టి తిప్పింది. “నున్నగా ఉందే,” అని పెట్టేసింది.

దొంగ వాజుకి పూర్తిగా అసిటోన్ స్నానం చేయించాను. తెల్లగా తేలిన దాంట్లో అత్తయ్య మనీప్లాంట్ కొమ్మ పెట్టి వంటింటి కిటికీలో ఉంచింది. వేర్లు బాగా కనబడుతున్నాయంది.