టర్న్‌టేబుల్, టీవీ, ల్యాప్‌టాప్: మూడు దారుల్లో వచ్చిన హమ్

మా ఇంట్లో టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్), టీవీ, ల్యాప్‌టాప్ మూడూ ఒకే యాంప్లిఫయర్‌కు కలిసి ఉన్నాయి, స్పీకర్లలో హమ్ అనే ఆగని రొద వచ్చేది. టీవీ, ల్యాప్‌టాప్ వైపు నుంచి వచ్చే రొద పూర్తిగా పోయింది. టర్న్‌టేబుల్ వైపు ఇంకా కాస్త మిగిలి ఉంది. ఇంతవరకు జరిగిన పని ఇది.

మొదట చెవితో

మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ లూప్ వల్ల, అంటే తీగలు రెండు చోట్ల భూమికి కలిసి ఏర్పడే చుట్టుదారి వల్ల, వచ్చే హమ్ ఎక్కువగా ఆ స్థాయిలోనే, లోతుగా ‘ఊఁ’ అని మోగుతుంది. యాంప్లిఫయర్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడితే, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి 100 హెర్ట్జ్ వినిపిస్తుంది. సంగీతం తెలిసినవారికి ఇది మంద్ర షడ్జానికీ మధ్య షడ్జానికీ ఉన్న తేడా. మా ఇంట్లో వినిపించింది మంద్రమే. వాల్యూమ్ తగ్గిస్తే అదీ తగ్గింది. అంటే రొద నాబ్‌కు ముందే పుడుతోంది, పవర్ సప్లైని అనుమానించక్కరలేదు. ఇన్‌పుట్ తీగలన్నీ పీకేసి చూస్తే స్పీకర్లు నిశ్శబ్దం. యాంప్లిఫయర్ నిర్దోషి.

టీవీ, ల్యాప్‌టాప్

టీవీ తీగ ఒక్కటే తగిలించగానే రొద వచ్చింది. సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ టీవీ తీగ విప్పితే వెంటనే పోయింది. ఆ కోయాక్సియల్ తీగ పైతొడుగు బయటెక్కడో భూమికి కలిసి ఉంటుంది. యాంప్లిఫయర్ త్రీ పిన్ ప్లగ్ ద్వారా ఇంటి ఎర్త్‌కు కలుస్తుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా ఆడియో తీగ తొడుగు గుండా కరెంటు పారుతుంది, అదే మనకు వినిపిస్తుంది. టీవీ నుంచి ఆప్టికల్ తీగ లాగాను. అందులో వెళ్లేది కాంతి, కాబట్టి లూప్ ఏర్పడే దారే లేదు. ఆప్టికల్ ఇన్‌పుట్ లేని యాంప్లిఫయర్‌కు ఆ సంకేతాన్ని మామూలు ఆడియోగా మార్చే చిన్న డిజిటల్ కన్వర్టర్ పెట్టుకోవాలి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిస్తే హమ్ లేదు, చార్జర్ పెడితే ఉంది. చార్జర్‌నూ యాంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చాక బాగా తగ్గింది. మిగిలిన దానికి ఆడియో తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. రెండు వైపుల తీగలు నేరుగా తగలకుండానే ఇది పాటను దాటిస్తుంది. రొద పోయింది కానీ చవక రకం కావడంతో మృదంగం తొప్పి వైపు నాదం పలచబడింది. దాన్ని తీసేసి ల్యాప్‌టాప్‌ను కూడా ఆప్టికల్‌కే మార్చాను.

ఎర్త్ పిన్ తీసేస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. నిజమే, హమ్ పోతుంది. కానీ లోపల ఫేజ్ తీగ ఎప్పుడైనా లోహపు పెట్టెకు తగిలితే ఆ పెట్టెను ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. పాట కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోనక్కరలేదు.

ఫ్యాన్ రెగ్యులేటర్

మధ్యమధ్యలో వచ్చే గరుకైన ‘జర్ర్’ శబ్దం ఫ్యాన్‌ది. వేగం తగ్గించినప్పుడు మొదలై, పూర్తి వేగంలో ఆగిపోయేది. తిప్పే నాబ్ ఉన్న రెగ్యులేటర్‌లోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి అరచక్రంలోనూ కరెంటును ముక్క కోస్తుంది, ఆ చప్పుడే ఇది. మెట్లమెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టించాక మళ్లీ వినలేదు. ఈ చప్పుడు వదిలించుకోవడానికి ఖరీదైన ఆడియో తీగలు కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

టర్న్‌టేబుల్

కష్టమంతా ఇక్కడే. ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పైగా రికార్డుల్లో తగ్గించి చెక్కిన లోతు స్వరాలను తిరిగి పెంచే ఆర్‌ఐఏఏ (RIAA) ఈక్వలైజేషన్ 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను దాదాపు 17 డెసిబెల్స్ పెంచుతుంది, అంటే వోల్టేజీలో ఏడు రెట్లు. చిన్న రొద కూడా పెద్దదవుతుంది. వెనక వేలాడుతున్న సన్నని ఎర్త్ తీగను ఫోనో ప్రీయాంప్ (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ను పెంచే పెట్టె) మీద జీఎన్‌డీ, అంటే గ్రౌండ్, అని రాసి ఉన్న మరకు బిగించగానే చాలా భాగం పోయింది. ఆడియో తీగ చివర ఉండే ఆర్‌సీఏ పిన్నులకు పట్టిన నలుపును ఆల్కహాల్‌తో తుడిచాను.

మిగిలిన హమ్, కార్ట్రిడ్జ్‌ను మోసే టోన్‌ఆర్మ్‌ను కుడివైపుకు జరిపితే పెరుగుతోంది. ఆ పక్కనే యాంప్లిఫయర్ ఉంది. దాని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్‌లోని తీగచుట్ట అందుకుంటోందన్న మాట. దూరం పెరిగేకొద్దీ ఆ క్షేత్రం వేగంగా బలహీనపడుతుంది కాబట్టి యాంప్లిఫయర్‌ను అలమరా కింది అరలోకి దించాను. ఇప్పుడు వాల్యూమ్ బాగా పెంచి, చెవి స్పీకర్‌కు ఆనిస్తేనే వినిపిస్తోంది. ఫోనో ప్రీయాంప్ అడాప్టర్ ఇంకా టర్న్‌టేబుల్ ప్లగ్ పక్కనే ఉంది. దాన్ని వేరే సాకెట్‌కు మార్చి చూడాలి.