పాలపొడి వెనక పొగ

ఆహార శుద్ధి ఫ్యాక్టరీల కర్బన ఉద్గారాలను ప్రాంతాలవారీగా పోల్చే పని నెత్తిన పడింది. ఆహారం అనగానే అందరూ లారీలనే తిడతారు. తీరా చూస్తే 2015లో ప్రపంచ ఆహార వ్యవస్థ ఉద్గారాల్లో రవాణా వాటా 4.8 శాతమే, ప్యాకేజింగ్‌ది 5.4!

నన్ను కదలనివ్వనిది మాత్రం పాలపొడి. పాలలో 87 శాతం దాకా నీళ్లే. ముందు ఎవాపరేటర్‌లో చిక్కబరచాలి, తర్వాత స్ప్రే డ్రయర్‌లో వేడిగాలిలోకి తుంపరలుగా చిమ్మాలి. అంతా ఆవిరి, వేడి. బాయిలర్ కింద మండేది బొగ్గా, గ్యాసా అన్నదాన్ని బట్టే లెక్క మారిపోతుంది. కరెంటుదీ అదే కథ. నార్వేలో చాలావరకు జలవిద్యుత్తే, పోలండ్‌లో ఇంకా బొగ్గుదే పెద్ద వాటా. బ్రెజిల్ చక్కెర మిల్లులైతే తమ చెరకు పిప్పినే మండించుకుంటాయి.

ఇంకో తిరకాసు: ఫ్యాక్టరీ పక్క దేశానికి తరలిపోయినా ఇక్కడి గ్రాఫ్ దిగుతుంది. అది చూసి చప్పట్లు కొడితే ఎలా? అందుకే మొత్తం టన్నుల పక్కన ‘కిలో సరుకుకి ఎంత’ అనే కాలమ్ పెట్టాను. ఇప్పుడు టెన్షనల్లా, అందులో సగం గడులు ఖాళీగానే ఉన్నాయి.