పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్లలో ఏం నేర్చుకుంది?

స్వతంత్రం వచ్చిన కొత్తలో మన ఫుట్‌బాల్ జట్టు సంగతి ఎత్తితే గుంటూరులోనైనా బెజవాడలోనైనా ముందు వినపడే మాట ఒకటే. "ఒట్టికాళ్లతో ఆడేవాళ్లంట. బూట్లు లేవని 1950 వరల్డ్ కప్‌కి రానివ్వలేదంట." మొదటి మాట నిజం. రెండోది కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది ఒట్టికాళ్లతోనే దిగారు. 1952 హెల్సింకీలోనూ కొందరు అలాగే ఆడారు. రెండేళ్ల ముందూ, రెండేళ్ల తర్వాతా ఒప్పుకున్నవాళ్లు మధ్యలో బ్రెజిల్‌కి మాత్రం ఎందుకు అడ్డుపడతారు?

బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకి చోటు దొరికింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో పేరు కూడా పడింది. ప్రయాణం ఖర్చు చాలావరకు మేమే పెట్టుకుంటామని బ్రెజిల్ అంది. అయినా మన ఫెడరేషనే జట్టుని పంపలేదు. ఆ రోజుల్లో ఇక్కడి పెద్దల లెక్కలో పోటీ అంటే ఒలింపిక్సే. వరల్డ్ కప్ ఇంకా వాళ్ల కంటికి ఆనలేదు.

వెళ్లుంటే ఎలా ఉండేదో అని ఊహాగానాలు చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. అంతకంటే తవ్వి చూడదగ్గ ప్రశ్న ఇంకొకటుంది. 1952లో 10-1తో చిత్తుగా ఓడిన జట్టు, 1956లో ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది. ఈ నాలుగేళ్లలో ఏం మారింది?

ముందు బంతి గురించి చెప్పాలి, ఎందుకంటే సగం కథ అందులోనే ఉంది. అప్పటి బంతి తోలు ముక్కలు కుట్టిన తొడుగు, లోపల రబ్బరు బ్లాడర్. ఆట మొదలయ్యేటప్పటికి 14 నుంచి 16 ఔన్సులు, అంటే 396 నుంచి 453 గ్రాములు తూగాలి. చుట్టుకొలత 27 నుంచి 28 అంగుళాలు. తొడుగుకున్న చీలికలోంచి బ్లాడర్‌ని లోపలికి దూర్చి, గొట్టానికి పంపు పెట్టి గాలి కొట్టి, గొట్టాన్ని మడిచి దారంతో కట్టి, చీలిక కిందకి తోసి, పైన తోలు లేసు బిగించాలి. మడత సరిగ్గా కూర్చోకపోతే అక్కడ బుడిపె లేస్తుంది, బంతి దొర్లేటప్పుడు పక్కకి లాగేస్తుంది. లేసు ముడి ఉన్నవైపు తల పెడితే నుదురు గీరుకుపోతుంది. వాన పడితే ఇంకో తంటా. తోలు నీళ్లు పీల్చి బంతి బరువెక్కిపోతుంది. తూకం నిబంధన ఆట మొదలయ్యేటప్పటికే గానీ, తడిసిన బంతిని రెండో సగంలో ఎవరూ తూచరు.

పొడినేల మీద ఈ బంతితో ఒట్టికాలు నిజంగానే లాభం. వేళ్లు నేలని పట్టుకుంటాయి. అరికాలి కింద బంతిని నొక్కి ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, ఉన్నచోటే గిరుక్కున మళ్లొచ్చు. చీలమండకి గుడ్డ పట్టీ బిగించి కట్టుకుంటే చాలు. కానీ కాలి మొనతో కొట్టడం కుదరదు, వేళ్లు విరుగుతాయి. పాదం పైభాగంతో గానీ లోపలి అంచుతో గానీ కొట్టాల్సిందే. అందుకే మన ఆట చిన్న పాసులు, డ్రిబ్లింగ్ (బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఎదుటివాణ్ని తప్పించడం) చుట్టూ పెరిగింది.

తడి పచ్చిక మీద ఇదంతా తలకిందులవుతుంది. ఒట్టికాలు జారుతుంది. ఎదుటివాడేమో చీలమండ దాకా వచ్చే బూటు వేసుకుని, అడుగున మేకులతో దిగ్గొట్టిన తోలు స్టడ్లతో వస్తాడు. తోలు అరిగితే మేకు తల బయటికొస్తుంది. అది తగిలేది ఒట్టికాలి మీదే. అలాగని బూటు వేసుకోగానే అన్నీ సర్దుకోవు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి మీద వానాకాలంలో ఆడిన ఎవరినైనా అడగండి. స్టడ్ల మధ్య బంకమట్టి పేరుకుని, పది నిమిషాలకల్లా బూటు అడుగు నున్నగా అట్టలా అయిపోతుంది, పైగా బరువు. మట్టి గీకేయకుండా ఆడితే స్టడ్లు ఉన్నా లేనట్టే. ఎండాకాలంలో అదే నేల నెర్రెలిచ్చి, నెర్రెల్లో స్టడ్ ఇరుక్కుని చీలమండ మెలిపడుతుంది. హైదరాబాద్ మొరం నేలకి ఈ బాధ లేదు. గట్టిగా ఉంటుంది, నీళ్లు నిలవవు, బంతి వేగంగా పోతుంది. ఆ ఊరి ఆట వేగానికి ఇదీ ఒక కారణమని అనుకోవచ్చు.

ఇక మ్యాచ్‌లు. 1948 జూలై 31న లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో ఆడాం. కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండల నుంచి కలకత్తా వచ్చి వైద్యం చదివినవాడు. పదకొండుమందిలో ఎనిమిదిమంది ఒట్టికాళ్లతో ఆడారు. 30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ కొడితే, 70వ నిమిషంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. మనకి రెండు పెనాల్టీలు దొరికాయి. ఒకటి శైలేన్ మన్నా, ఒకటి మహాబీర్ ప్రసాద్ గోల్ చెయ్యలేకపోయారు. 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. చివరి నిమిషాల్లో జారిపోవడాన్ని దురదృష్టం అని వదిలేయడం సులువు. ఇక్కడి పోటీల్లో చాలావరకు 90 నిమిషాల కంటే తక్కువ ఆట అని గుర్తుపెట్టుకుంటే ఆ 89వ నిమిషం వేరేగా కనిపిస్తుంది.

ఆ జట్టు బలమంతా బెంగాల్, మైసూరు ఆటగాళ్లది. హైదరాబాద్ ఆ రోజుకి ఇంకా నిజాం చేతిలో ఉంది. పోలీస్ యాక్షన్ జరిగింది సెప్టెంబర్‌లో. ఈ చిన్న తేదీల తేడాని మన ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు తరచూ దాటేస్తారు గానీ, హైదరాబాద్‌వాళ్లు జట్టులోకి వచ్చాక, ఆ తర్వాత పద్నాలుగేళ్ల ఆటని తిప్పింది అదే.

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. ఇండోనేషియా మీద 3-0, ఆఫ్ఘనిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ గోల్‌తో 1-0. ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా బంగారు పతకం. కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. నాకైతే ఈ గెలుపు జట్టుకి మంచికంటే చెడే ఎక్కువ చేసిందనిపిస్తుంది. పొడినేల, ఎండ, మన జనం. పాత పద్ధతిలో లోపాలేవీ బయటపడలేదు.

బయటపడింది 1952 జూలై 15న హెల్సింకీలో, యుగోస్లావియా ముందు. చలి ఒకటి, ఒట్టికాళ్లు ఒకటి. కానీ 10-1కి అసలు కారణం ఆ రెండూ కావు. మనవాళ్లు ఇంకా రెండు-మూడు-ఐదు పద్ధతిలోనే ఆడుతున్నారు. వెనక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు. యూరప్ అప్పటికే మూడో బ్యాక్‌ని పెట్టుకున్న డబ్ల్యూ-ఎం పద్ధతికి మారిపోయింది. ఇద్దరే బ్యాక్‌లుంటే వాళ్లు మధ్యలో గోల్ ముందు కాపు కాస్తారు, అంచుల్లో వింగర్లని చూసుకోవాల్సింది హాఫ్‌బ్యాక్‌లు. హాఫ్‌బ్యాక్ ఒక్కసారి దాడికి ముందుకెళ్లి బంతి పోగొట్టుకుంటే వింగర్ ముందు బాట ఖాళీ. ఫుల్‌బ్యాక్ వాడివైపు పరుగెడితే మధ్యలో ఇంకొకడు ఖాళీ. ఆ రోజు ఎడమ వింగర్ జెబెక్ నాలుగు, కుడి వింగర్ ఒగ్న్యానోవ్ రెండు గోల్స్ కొట్టారు. పదింట్లో ఆరు అంచుల నుంచి వచ్చినవాళ్లవే. ఇక్కడ బూట్లు తొడిగినా ఆరు ఆరే. మన ఒక్క గోల్ 89వ నిమిషంలో అహ్మద్ ఖాన్‌ది.

ఇంటికొచ్చాక ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. పేపర్లకెక్కిన మార్పు అదే. లోపల జరిగినవి ఇంకా పెద్దవి. సెంటర్ హాఫ్‌ని, అంటే ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లలో మధ్యవాణ్ని, వెనక్కి లాగి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్య మూడో బ్యాక్‌గా నిలబెట్టారు. దాంతో ఫుల్‌బ్యాక్‌లు అంచులకి జరిగి వింగర్లని పట్టుకోగలిగారు. మధ్యలో పోయిన మనిషి లోటు తీరాలంటే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు (సెంటర్ ఫార్వర్డ్‌కి రెండు పక్కలా ఆడేవాళ్లు) వెనక్కొచ్చి పనిచెయ్యాలి. అక్కడే చాలామంది స్టార్లు ముఖం ముడుచుకుంటారు. డ్రిబ్లింగ్ చేసి చప్పట్లు కొట్టించుకునేవాడికి వెనక్కి పరుగెత్తమంటే నచ్చదు కదా.

ఇక్కడ రహీం సాబ్ పనితనం చూడాలి. ఆయన బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. హెల్సింకీలో పది గోల్స్ తిన్నప్పుడు కోచ్ కూడా ఆయనే, కాబట్టి పాఠం ఎవరో చెప్పాల్సిన పని లేకపోయింది. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, చేతగాని కాలితోనే కొట్టాలనే పోటీలు పెట్టేవారు. ఇవి ఆటపట్టింపులు కావు. కుడికాలొక్కటే ఉన్నవాడు బంతి ఎడమకి వస్తే ముందు దాన్ని కుడికి సర్దుకుంటాడు, ఆ అర సెకనులో బూట్లు వేసుకున్న ఎదుటివాడు మీదికి వచ్చేస్తాడు.

ఇదే ఈ రోజు బెజవాడలో పిల్లలతో చేయించాలంటే కష్టమేమీ లేదు. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గీతలు గీయండి. నలుగురు-నలుగురు, గోల్‌కీపర్ వద్దు, రెండు చివరలా రెండు మీటర్ల గోల్. బలమైన కాలితో బంతి తాకితే ఫౌల్. మొదట మూడు టచ్‌లు ఇవ్వండి, వారం గడిచాక రెండు. ఏడేసి నిమిషాల ఆట, మధ్యలో రెండు నిమిషాల విరామం, అలా మూడుసార్లు. ఎక్కడ చెడుతుందంటే, పిల్లలు చేతగాని కాలితో పాస్ ఇవ్వలేక ఒళ్లంతా చుట్టూ తిప్పి మళ్లీ బలమైన కాలి వైపు వచ్చేస్తారు. అంటే నిలబడే కాలు బంతికి దూరంగా పెడుతున్నారన్నమాట. నిలబడే కాలు బంతి పక్కన జానెడు దూరంలో, వేళ్లు పాస్ వెళ్లే వైపు ఉండాలి. అది సరిచేస్తే మిగతాది చాలావరకు దానంతటదే కుదురుతుంది. మైదానం పెద్దది చేస్తే మాత్రం పాడవుతుంది. పొడుగు బంతులు కొట్టడం మొదలెడతారు.

మధ్యలో కొలంబో కప్ బాగా పనికొచ్చింది. 1952 నుంచి 1955 దాకా భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ ఏటా ఆడేవి. కొత్త పద్ధతిని ఏడాదికొకసారైనా నిజమైన మ్యాచ్‌లలో పరీక్షించుకునే వీలు దాంతో దొరికింది. 1954 మనీలా ఆసియా క్రీడల్లో మాత్రం ఇండోనేషియా చేతిలో 4-0తో ఓడి గ్రూపులోనే ఇంటిదారి పట్టారు. మార్పు మెట్టుమెట్టుగా పైకే వెళ్లిందని అనుకోకండి.

1956 డిసెంబర్ 1. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా నెల. మెల్‌బోర్న్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా మీద 4-2. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫికరుద్దీన్, ఇరవయ్యేళ్ల తులసీదాస్ బలరాం హైదరాబాద్ జంటనగరాలవాళ్లు. కోస్తా జిల్లాలవాళ్లం నెలనాడు దాకా "వాళ్ల రాష్ట్రం" అనుకున్న ఊరి పిల్లలు, ఇప్పుడు మన రాష్ట్రంవాళ్లు.

సెమీస్‌లో ఎదురు మళ్లీ యుగోస్లావియానే. 52వ నిమిషంలో డిసౌజా గోల్‌తో మనమే ముందున్నాం! తర్వాత పదమూడు నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చి, చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. స్కోర్లు చూస్తే ఓటములే. కానీ నాలుగేళ్ల కిందట పది కొట్టిన దేశం మీద గంట దాకా ఆటలో నిలబడ్డారు. చెడింది పద్ధతి కాదు. గోల్ కొట్టగానే అందరూ ముందుకి ఎగబడడం, వెంటనే ఒక గోల్ పడగానే చెదిరిపోవడం. ఈ జబ్బు మన జట్లకి ఇంకా పూర్తిగా పోలేదు.

1960 రోమ్‌లో హంగరీకి 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుని, పెరూ చేతిలో 3-1తో ఓడారు. హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ బలరాంవే.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ సెప్టెంబర్ 4న. మొదటి మ్యాచ్‌లో మనని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లని పిలవలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో స్టేడియం మొత్తం మనకి ఎదురు తిరిగింది. ఆ రోజుల్లో ఆట మధ్యలో ఆటగాణ్ని మార్చే వీలు లేదు. ఎవరైనా గాయపడితే పదిమందితో ఆడాల్సిందే. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. అతణ్ని పక్కన కూర్చోబెట్టకుండా రహీం సాబ్ సెమీస్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. డిఫెన్స్‌లో ప్రతి గాలిబంతికీ తల పెట్టక తప్పదు, ముందుంటే ఏ బంతికి ఎగరాలో ఎంచుకోవచ్చు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. ఫైనల్లో 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. గోల్ దగ్గర హైదరాబాద్‌లో పుట్టిన తంగరాజ్. 2-1.

అప్పటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల కేన్సర్. 1963 జూన్ 11న పోయారు. 1964 ఆసియా కప్‌లో మన జట్టుకి రెండో స్థానం దక్కింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ (రాష్ట్ర జట్ల జాతీయ పోటీ) గెలిచింది. ఒలింపిక్స్‌లో మాత్రం రోమ్ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఇంతవరకు ఆడలేదు.